కాకి బంగారం, కోడిగుడ్ల అట్ట

"ఆదివారం పూట హాయిగా ఇంట్లో ఉండక, పిల్లకాయల్ని వెంటేసుకుని ఏట్లో రాళ్ళేరుకోవడం ఏందక్కా?" అని మా వీధిలో నన్ను అడగని మనిషి లేదు. ఆ వెంటనే, కొంచెం గొంతు తగ్గించి, రెండో ప్రశ్న: "ఏమన్నా దొరికిందా?"

కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి వానలు పడగానే జనం వజ్రాల కోసం వంగి వంగి వెతకడం టీవీలో చూసీ చూసీ, రాయి అంటే చాలు మనవాళ్ళకి ఉంగరం గుర్తొస్తుంది. నేను "దొరికింది" అన్నానంటే తెల్లారేసరికి స్వర్ణముఖిలో ఇసుక కూడా మిగలదు. అందుకని ఒకసారి మొత్తం రాసేస్తే అడిగేవాళ్ళకి ఇదే చూపించొచ్చని మొదలుపెట్టాను.

మాది నాయుడుపేట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాం గానీ, ఎవరైనా మీదే జిల్లా అంటే నోట్లోంచి నెల్లూరనే వస్తుంది. మా పిల్లవాడు ఎనిమిదో తరగతి. రెండేళ్ళ కిందట వేసవి సెలవుల్లో వాడికీ వాడి సెల్లుకీ మధ్య నేను నిలబడలేకపోతున్న రోజుల్లో, టెక్సాస్‌లో ఉన్న మా చెల్లెలు ఫోనులో వాళ్ళ ఊరి రాళ్ళ క్లబ్బు గురించి చెప్పింది. నెలకోసారి ఒక హాల్లో కలుస్తారంట. నడిపేది ఎక్కువమంది రిటైరైన వాళ్ళు. ఎవరికీ జీతం లేదు. ఒకాయన కుర్చీలు వేస్తాడు, ఒకామె టీ పెడుతుంది, డెబ్బై దాటిన ఇంకొకామె పిల్లల బల్ల దగ్గర కూర్చుని భూతద్దం పట్టుకోవడం నేర్పుతుంది. పిల్లలు తెచ్చుకున్న రాళ్ళని కోడిగుడ్ల అట్టలో గుంతకొకటి పెట్టుకుని, పక్కన పేరు రాసుకుని, తమ దగ్గర రెండున్న రాయి ఇచ్చి లేని రాయి తీసుకుంటారంట. ఒక చిన్న పీపాలో రాళ్ళూ గరుకు పొడీ నీళ్ళూ పోసి వారాల తరబడి తిప్పితే నున్నగా అద్దంలా తయారవుతాయని, ఆ పీపా చప్పుడుకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని మా మరిది గోల.

నేను విన్నదాంట్లో నాకు నచ్చింది కోడిగుడ్ల అట్ట. అది మన దగ్గర ముప్ఫై గుంతలతో ఊరికే దొరుకుతుంది. పీపా మనకి అక్కర్లేదు, స్వర్ణముఖి ఉంది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి మీదుగా మా ఊరికి వచ్చేసరికి ఏ రాయికీ మొన ఉండదు. మా చెల్లెలి మిషను వారాల్లో చేసే పని ఏరు ఎన్ని వేల ఏళ్ళుగా చేస్తుందో!

అలా మొదలైంది. మా వీధి చివర రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన ఉన్నారు. నేను, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళం, పది పన్నెండుమంది పిల్లలు. ఇప్పుడు ఇరవై దాటారు. పేరు లేదు, బోర్డు లేదు, రిజిస్ట్రేషను లేదు. పిల్లలే "రాళ్ళ క్లబ్బు" అన్నారు, అదే ఉండిపోయింది. ఒకామె మంచినీళ్ళ క్యాను తెస్తుంది, ఒకామె మరమరాలో గుగ్గిళ్ళో తెస్తుంది, ఇంకొకామె వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తలలు లెక్కపెడుతుంది. పేర్లు రాసే పని నాది. తెలుగు బీయే చదివి ఏం చేశావని అడిగేవాళ్ళకి ఇన్నాళ్ళకి ఒక జవాబు.

మాకు మూడే నిబంధనలు. నీళ్ళున్న గుంత దగ్గరికి పోకూడదు. పొలం వాళ్ళదీ గుడిదీ క్వారీదీ ఏ రాయీ ముట్టకూడదు. ఆదివారానికి ఒక్కో పిల్లకి ఒకటే రాయి ఇంటికి. ఈ మూడోది పెట్టాకే అసలు చదువు మొదలైంది. ఒకటే అనేసరికి పది ఏరి, తొమ్మిది వదలాలి. ఎందుకు వదిలావో చెప్పాలి.

పరీక్షలన్నీ వంటింటి పరీక్షలే. 1812లో మోస్ అనే ఆయన ఏ రాయి ఏ రాయిని గీస్తుందో చూసి ఒకటి నుంచి పది దాకా వరస పెట్టాడు. ఒకటో మెట్టు మెత్తని టాల్కు, అంటే మనం పలకల మీద రాసుకున్న బలపం రాయి జాతి. పదోది వజ్రం. మన గోరు రెండున్నర, గాజుపెంకు అయిదున్నర. మా ఏట్లో తెల్లగా మెరిసే పలుగురాయి ఏడు, గాజుని గీసేస్తుంది. ఒక పిల్ల ఈ పరీక్ష వాళ్ళమ్మ డ్రెస్సింగ్ టేబులు అద్దం మీద చేసిందని నాకు ఫిర్యాదు వచ్చింది. ఫలితం మాత్రం సరిగ్గానే వచ్చిందని మాస్టారు అన్నారు.

సున్నపురాయి మీద నిమ్మరసం పిండితే బుసబుసమని నురుగొస్తుంది. ముగ్గురాయి అయితే చేతిలో పెట్టగానే తెలిసిపోతుంది, అంత సైజు రాయికి అంత బరువేమిటా అనిపిస్తుంది. నీళ్ళకి నాలుగున్నర రెట్లు బరువు. కోడూరు దగ్గర మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపమని, చమురు బావులు తవ్వేటప్పుడు లోపల పోసే బురదలో దాన్ని పొడి చేసి కలుపుతారని మాస్టారు చెబితే, మనం గుమ్మం ముందు గీతలు గీసే పేరున్న రాయి అరబ్బు దేశాల బావుల్లోకి పోతుందా అని మా ఆడవాళ్ళందరం నోళ్ళు తెరిచాం.

ఉంగరాల వాళ్ళకి కూడా ఒక మాట. కెంపూ నీలమూ రెండూ ఒకే ఖనిజం, కురువిందం. పిసరంత క్రోమియం కలిస్తే ఎరుపు, ఇనుమూ టైటానియమూ కలిస్తే నీలం. నవరత్నాల్లో ముత్యం, పగడం అసలు రాళ్ళే కావు, సముద్రంలో ప్రాణులు చేసినవి. ఇది చెప్పాక నా దగ్గరికి జాతకరాళ్ళ గురించి వచ్చేవాళ్ళు కొంచెం తగ్గారు.

ఇంతవరకూ ఏ ఊళ్ళోనైనా జరిగేదే. మా క్లబ్బు మా ఇంట్లోకి వచ్చిన సంగతి అసలు రాయాలనుకున్నది.

మా అత్తగారికి డెబ్బై ఆరు. రాళ్ళంటే ఆమెకి పడదు. కోడిగుడ్ల అట్ట వరండాలో పెడితే చీపురుతో గోడ వారకి నెట్టేసేవారు. "ఇంట్లోకి రాళ్ళు తేబాకండి. తెచ్చిన కాడికి చాలు" అనేవారు. మా మామగారు సైదాపురం వైపు ఒక మైకా గనిలో బండకి రంధ్రాలు వేసే పని చేశారని నాకు తెలుసు. నా పెళ్ళికి ముందే పోయారు. టీబీ అని ఏళ్ళ తరబడి మందులు మింగారట. పలుగురాయి తవ్వేచోట లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుందని, ఆ జబ్బుని సిలికోసిస్ అంటారని, అది కూడా దగ్గూ ఆయాసంగానే కనబడుతుందని మాస్టారు ఒకరోజు అరుగు మీద చెబుతుంటే, అత్తగారు లోపలికి లేచి వెళ్ళిపోయారు. ఆయనది టీబీయో, ఇదో, రెండూనో ఇప్పుడెవరు చెబుతారు. ఇలాంటి ఇంట్లో రాయి ఆట వస్తువు కాదు.

అత్తగారు ఏం పనిచేసేవారో మాత్రం నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. పెళ్ళిచూపులప్పుడు "గూడూరులో కంపెనీలో చేసింది" అన్నారు. కంపెనీ అంటే మా నాన్న కుర్చీ, బల్ల, ఫైళ్ళు ఊహించుకున్నారు.

పోయిన ఏడాది మా క్లబ్బు పిల్లవాడొకడు అమ్మమ్మగారి ఊరికి సైదాపురం వైపు పోయి, అరచేతి మందాన ఒక మైకా ముద్ద తెచ్చాడు. తళతళమని మెరుస్తోంది. మా వైపు పిల్లలు దాన్ని కాకి బంగారం అంటారు. బంగారంలా మెరుస్తుంది, కాకి కూడా ముట్టదు. మన సంస్కృతం మాస్టర్లకి అది అభ్రకం. మాస్టారు బ్లేడు పెట్టి రేకులు విడదీయబోయారు. పెళుసుగా ముక్కలయిపోతోంది. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న మా అత్తగారు ఓపిక పట్టి పట్టి, "అట్ట కాదురా అబ్బయా, ఇటియ్యి" అన్నారు.

చేతులు కొంగుకి తుడుచుకున్నారు. ముద్దని అటూ ఇటూ తిప్పి అంచు మీద బొటనవేలి గోరు నడిపించారు. ఎక్కడో ఆపి, చిన్న చాకు మొన లోపలికి తోసి, కొంచెం మెలితిప్పారు. పుస్తకం తెరిచినట్టు రెండుగా విడిపోయింది. ఆ సగం మళ్ళీ రెండు. అది మళ్ళీ రెండు. చివరికి ఉల్లిపొర కన్నా పల్చని రేకు ఒకటి ఆమె వేళ్ళ మధ్య వణుకుతూ నిలబడింది. దాన్ని ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూసి, "మరక ఉండాది. ఇది ఆరో నంబరు. ఇది ఆరుకి కూడా రాదు, చెత్తలోకి" అని పక్కన పెట్టారు.

మాస్టారి ముఖం చూడాలి. పుస్తకాల్లో చదివిన సంగతి ఎదురుగా జరుగుతుంటే ఆయన పిల్లవాడైపోయారు. మైకా రేకుని లోపం లేకుండా ఎంత దీర్ఘచతురస్రం కత్తిరించగలమో దాన్ని బట్టి నంబరు. చదరపు అంగుళం నుంచి రెండుంపావు దాకా ఆరో నంబరు. ఆరు నుంచి పది అంగుళాలు నాలుగో నంబరు. ఒకటో నంబరు రావాలంటే 24 నుంచి 36 అంగుళాలు. ఈ అంకెలన్నీ ఆయన ఇంటికెళ్ళి పుస్తకం చూసి చెప్పారు. మా అత్తగారికి స్కేలుతో పని లేదు, అక్షరం రాదు. రేకు చూస్తే నంబరు చెబుతారు. మాస్టారు తరవాత కొలిచిన పదకొండింటిలో ఒక్కటీ తప్పలేదు.

గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాల పొడవునా ఉన్న ఈ మైకా పట్టీ గురించి మనకి బళ్ళో ఒక మార్కు ప్రశ్న ఉండేది. కోడర్మా మైకా కొంచెం ఎర్రజీరగా ఉంటుంది, నెల్లూరుది పచ్చజీర. వేడికి కాలదు, కరెంటుని పోనివ్వదు, ఎంత పల్చగానైనా చీలుతుంది. అందుకే పాత వాల్వు రేడియోల గాజుబుడ్డి లోపల చిన్న మైకా బిళ్ళ ఉండేది. ఇస్త్రీపెట్టెలో వేడెక్కే తీగ చుట్టింది మైకా రేకు మీదే. యుద్ధాల కాలంలో దీనికి ఎక్కడలేని గిరాకీ. తరవాత వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లు వచ్చాయి, పెద్ద కొనుగోలుదారు సోవియట్ దేశం 1991లో లేకుండాపోయింది, గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు మన కళ్ళకి పూసుకునే మెరుపు రంగుల్లో పొడిగా కలిసేది కూడా మైకానే. ఈ మొత్తం కథలో రేకు విడదీసింది ఎవరంటే షెడ్లలో నేల మీద కూర్చున్న ఆడవాళ్ళు. ఆ సంగతి ఒక మార్కు ప్రశ్నలో లేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను ఒకటి అడిగాను. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్నాను, మా అత్తగారు ఆవకాయ వేసుకున్నా, కారంపొడి వేసుకున్నా చెంచాతోనే కలుపుకుంటారు. చాదస్తమనుకున్నాను. "మైకా అంచు కోస్తది కదమ్మే. వేళ్ళన్నీ సన్నసన్నగా తెగేవి. కారం కలిపితే ప్రాణం పోయేది. పెరుగన్నమే తినేదాన్ని. అట్టా అలవాటైపోయింది" అన్నారు, అదేదో వాతావరణం సంగతైనట్టు. మా ఆయన కంచంలోకి చూస్తూ ఉండిపోయారు.

ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవానికి మా పిల్లల బడిలో ఒక బల్ల ఇస్తామన్నారు. రామన్ తన ఫలితం ప్రకటించిన 1928 నాటి రోజది. పిల్లలు ఏకగ్రీవంగా "అవ్వ రావాలి" అన్నారు. మా ఇంట్లో గొడవ అక్కడ మొదలైంది.

మా ఆయనకి బజారులో చిన్న ఎలక్ట్రికల్ కొట్టు. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తారు. మంచి మనిషి, గొంతు పెంచడు. ఆ రోజు మాత్రం, "అమ్మ కూలిపని చేసిందని ఊరంతా చాటాలా? రేపు అమ్మాయికి సంబంధాలు చూడాలి" అన్నారు. మా పెద్దది డిగ్రీ చివరి సంవత్సరం. ఆ మాట ఆయనది కాదు, ఆయన చిన్నప్పుడు ఎవరో అన్నదేదో లోపల మిగిలి అలా బయటికొచ్చిందని నాకనిపించింది. "మీ అమ్మ ఆ రేకులు విడదీయకపోతే మీరు ఐటీఐ చదివేవారా?" అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. వెళ్ళాల్సింది ఆమె, ఆమెనే అడుగుదామనుకున్నాను.

అత్తగారు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు అందిస్తుంటే, "నేను దొంగతనం చేశానా?" అన్నారు. నాతో కాదు, లోపల చొక్కా వేసుకుంటున్న కొడుక్కి వినబడేట్టు. తరవాత నాతో, "మంచి కత్తెర ఒకటి కావాలి. వంటింటిది పనికిరాదు."

బడిలో ఆమెకి కుర్చీ వేశారు. కుర్చీలో కూర్చుంటే చేయి ఆడలేదు. కిందికి దిగి, ఒక మోకాలు మడిచి, కొంగు దోపి కూర్చున్నారు. చుట్టూ పిల్లలు. రేకు మీద రేకు. వంద దాకా లెక్కపెట్టి పిల్లలే అలిసిపోయారు. ఒక రేకుని పాఠం పుస్తకం మీద పెడితే కింద అక్షరాలు చదవగలిగారు. ఒక పిల్ల అడిగింది, "అవ్వా, దీనికెంత ఇచ్చేవాళ్ళు?"

"తూకానికి ఇచ్చేవాళ్ళు. మరక ఉంటే తీసి పారేసేవాళ్ళు, దానికేమీ లేదు."

"పారేసినవి కూడా నువ్వే కదా చీల్చింది?"

"నేనే."

"మరి?"

అత్తగారు చాకు పక్కన పెట్టి ఆ పిల్లని కాసేపు చూశారు. "నాకప్పుడు నీ వయసే. అడగాలని తెలవలా" అన్నారు. ఆ మాటకి హెడ్ మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పన్నెండేళ్ళకి షెడ్డులో కూర్చున్న మనిషి ఏడో తరగతి గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారని నాకూ అప్పుడే తట్టింది.

పదకొండు గంటలప్పుడు కొట్లో కుర్రాడు సైకిలు మీద వచ్చాడు. సంచిలో పాత ఇస్త్రీపెట్టె. పైమూత విప్పి, లోపల తీగ చుట్టిన మైకా రేకు కనబడేట్టు అమర్చి ఉంది. "సారు బల్ల మీద పెట్టమన్నాడు" అన్నాడు. సారు రాలేదు, చీటీ లేదు. అత్తగారు దాన్ని దగ్గరికి తీసుకుని, మసిబారిన రేకు మీద వేలితో రుద్ది చూసి, "పచ్చది కాదు, మనది కాదు ఇది" అన్నారు. మళ్ళీ కాసేపటికి, "అయినా బాగా కోసినారు" అన్నారు.

అప్పట్నించి ఆదివారాలు ఆమె కూడా వస్తున్నారు. ఏటి గట్టున వేపచెట్టు కింద మడత కుర్చీ ఆమెది. పేర్ల చీటీలు నేను రాసి పైకి చదివితే ఆమె దిద్దుతారు. నేను "మస్కొవైట్ మైకా, గూడూరు" అని రాస్తే ఒప్పుకోలేదు. "పచ్చ" అని ఉండాలన్నారు. "కోడర్మాది ఎర్రది, మనది పచ్చది, అదే కదా దాని పేరు" అని. మాస్టారు కూడా తలవంచారు, ఇప్పుడు చీటీ మీద "పచ్చ మైకా" అనే ఉంది. పిల్లలు పాత గనుల గుంతలు చూపించమని ఎంత బతిమాలినా మాత్రం ఆమె ససేమిరా. వానకి నీళ్ళు నిండిన గుంతలు, అంచులు విరిగే గట్లు. మా మూడు నిబంధనల్లో మొదటిదానికి ఇప్పుడు కాపలా ఆమే.

పెళ్ళి సంబంధాల సంగతి అడుగుతారేమో. ఇంకా చూడటం మొదలుపెట్టలేదు. మొదలుపెట్టినప్పుడు "కంపెనీలో చేసింది" అనబోమని మా పెద్దది ముందే చెప్పేసింది. మా ఆయన విన్నారు. ఏమీ అనలేదు. నాకది చాలు ప్రస్తుతానికి.

ఈసారి పిల్లల్ని తిరుమల తీసుకెళ్ళాలని అనుకుంటున్నాం. కొండ మీద శిలాతోరణం అందరికీ తెలుసు. ఘాట్ రోడ్డు పక్కన అంతకన్నా గొప్పది ఒకటుంది, బస్సు కిటికీలోంచి చూడకుండానే పోతాం. కింద పాతకాలపు గ్రానైటు రాయి, దాని మీద కొండ రాయి, రెండూ కలిసేచోట ఒక గీత. కిందిదానికీ పైదానికీ మధ్య 50 కోట్ల ఏళ్ళ పైమాటే ఖాళీ అంటారు మాస్టారు. రెండింటినీ జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా గుర్తించారు కాబట్టి చూడటమే, గులకరాయి కూడా తేకూడదు. ఇరవైమంది పిల్లలకి బస్సు ఛార్జీలు, భోజనాలు, తల్లుల దగ్గర ఒప్పుకోలు చీటీలు, అన్నీ కాగితం మీద వేసుకుంటున్నాం. మా అత్తగారు ఒకటే షరతు పెట్టారు. ముందు దర్శనం, తరవాతే రాళ్ళు.